లెక్కకు రాని మూడేళ్లు

బుధవారం టపాలో వచ్చిన కవరును మాల టీ తాగుతూ చింపింది. రెండో వాక్యం దాకా చదివి కప్పు కింద పెట్టింది. మళ్లీ ఎత్తలేదు.

"మీ పేరు మీద శిక్షణ ఒప్పందం ఏదీ మా దగ్గర నమోదు కాలేదు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలలోగా తగిన పత్రాలు దాఖలు చేయనిచో డిసెంబరు పరీక్షకు మీ దరఖాస్తు చెల్లదు. నమోదు కాని కాలం అనుభవంగా లెక్కకు రాదు."

ఫిజీ రాజధాని సువాలోని అకౌంటెంట్ల సంస్థ రాసే ఉత్తరాల్లో కోపమూ ఉండదు, జాలీ ఉండదు. లైసెన్సు చేతికి రావాలంటే పరీక్షలన్నీ గట్టెక్కాలి, లైసెన్సున్న అకౌంటెంటు దగ్గర మూడేళ్లు పని నేర్చుకోవాలి. పరీక్షల్లో ఒక్క ఆడిట్ పేపరు మిగిలింది. మూడేళ్ల పని ఈ నవంబరుతో నిండింది. లౌతోకాలో చీరల దుకాణం పైన, బిజేంద్ర ఆఫీసులో, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా వంచిన తల ఎత్తకుండా చేసిన మూడేళ్లు. అవి జరగనే లేదంటోంది ఈ కాగితం. పైగా పాసైన పేపర్లకు గడువు ఈ డిసెంబరు దాకానే. ఇది తప్పితే ఇరవై ఏడేళ్ల మాల మళ్లీ మొదటి పేపరు నుంచి మొదలెట్టాలి.

ఉత్తరం పట్టుకుని బిజేంద్ర గదిలోకి వెళ్లింది. గదినిండా అట్టపెట్టెలు. కిందటేడు సైనికులు ప్రభుత్వాన్ని పడగొట్టినప్పటినుంచి లౌతోకాలో చదువుకున్న భారతీయుల ఇంట ఎక్కడ చూసినా వలసకు కట్టిన అట్టపెట్టెలే. ఆయన భార్యాపిల్లలు ఆగస్టులోనే న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ చేరారు. ఆయన విమానం శనివారం పొద్దున.

"మామా, మన ఒప్పందం నమోదు కాలేదట."

బిజేంద్ర ఉత్తరం చదివాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ చదివాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రేపు చూద్దాం" అన్నాడు.

ఈ బిజేంద్ర మాలకు నిజంగా మేనమామ కాదు. మాల అవ్వ నాగమ్మ ఉంది చూడండి, ఆవిడ తల్లీ, బిజేంద్ర తాతా ఒకే ఓడలో మద్రాసు నుంచి చెరకు తోటల కూలికి వచ్చారు. ఒక ఓడలో వచ్చినవాళ్లు జహాజీలు. ఫిజీలో ఆ చుట్టరికం నెత్తురు చుట్టరికం కంటే గట్టిది, మూడు తరాలైనా వదలదు. జహాజీ ఇంట్లో అన్నం తింటే ధర అడగరు, జహాజీ మాటిస్తే కాగితం అడగరు. మాల చేరిన కొత్తలో ఒకసారి అడిగింది, ఒప్పందం ఎప్పుడు రాసుకుంటాం మామా అని. "మన మధ్య కాగితమేమిటే" అన్నాడాయన. రెండోసారి అడగడానికి దానికి నోరు రాలేదు. ఖాతాదార్లను పది సెంట్ల రశీదు కోసం పదిసార్లు పీడించే పిల్ల, తన బతుకు రశీదు దగ్గర మాత్రం మర్యాదకు పోయింది. ఎవరిననాలి?

గురువారం పొద్దున మాల వచ్చేసరికి ఆయన హుషారుగా ఉన్నాడు. బల్ల మీద ఒక కాగితం ముందుకు తోశాడు. స్టేషనరీ కొట్లో అమ్మే ఒప్పందపు ఫారం, శుభ్రంగా టైపు కొట్టి ఉంది. తేదీ 1985 నవంబరు 18. కింద ఆయన సంతకం అప్పుడే పడింది.

"నువ్వూ చేసెయ్యి. అప్పుడే పంపాం, టపాలో పోయి ఉంటుందని జత ఉత్తరం రాస్తాను. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

మాలకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పెన్ను తీసింది. సంతకం పెట్టేముందు ఏ కాగితమైనా పైనుంచి కిందికి చదవడం ఆయన నేర్పిన అలవాటే. చదివింది.

"ఇది పనికిరాదు మామా. ఫారం నెత్తిన రిపబ్లిక్ ఆఫ్ ఫిజీ అని అచ్చేసి ఉంది. ఎనభై అయిదులో మనకింకా ఇంగ్లండు రాణిగారే కదా, రిపబ్లిక్ అయింది నిరుడేగా. చూడగానే పట్టేస్తారు. తెల్లకాగితం మీద టైపు చేయండి. ఇంకు కూడా మరీ తాజాగా ఉంది, కాసేపు ఎండలో పెడితే..."

అక్కడ ఆగిపోయింది. తన గొంతు తనకే వినబడింది. దొంగ కాగితాన్ని పట్టుకోవడానికి నేర్చుకున్నదంతా దొంగ కాగితం తయారు చేయడానికి ఎంత బాగా పనికొస్తోందో! అదీ ఎంత చకచకా, ఎంత ఉత్సాహంగా! పెన్ను మూత పెట్టింది.

"నేను చెయ్యను మామా."

"ఏం?"

"వచ్చే నెల ఆడిట్ పేపరు రాయాలి నేను. ఈ సంతకం పెట్టి ఆ పేపరు ఏ మొహంతో రాయను?"

బిజేంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. వాళ్లిద్దరూ ఎప్పుడూ హిందీలోనే మాట్లాడుకునేవారు. తెలుగు ఇంట్లో అవ్వ ఒక్కదానికోసం దాచిన భాష. ఆయన కోపం వచ్చినప్పుడు ఇంగ్లీషులోకి దిగుతాడు. ఇప్పుడు దిగాడు. నీతులు నాకు చెప్పొచ్చావా అన్నాడు. వేరే దారి ఉంటే చెప్పమన్నాడు.

దారి ఉంది. శిక్షణార్థుల చేతిపుస్తకంలో ముప్ఫై రెండో పేజీ. రాత్రంతా మాల దాన్నే చదివింది. ఒప్పందం నోటిమాటగా కుదిరి, కాగితం మీదికి రాకపోతే, పని నేర్పిన అకౌంటెంటు తన తప్పు ఒప్పుకుంటూ ప్రమాణపత్రం ఇవ్వాలి. ఆ మాట జరిగినప్పుడు అక్కడున్న మూడో మనిషి ఎవరైనా అది నిజమని ప్రమాణం చేయాలి. రెండూ ఉంటే మూడేళ్లూ లెక్కకొస్తాయని చెప్పింది.

"నా తప్పు ఒప్పుకోవాలా!" బిజేంద్ర లేచి నిలబడ్డాడు. "ఆక్లండ్‌లో నాకు లైసెన్సు ఇవ్వాలంటే ఇక్కడి నుంచి సత్ప్రవర్తన పత్రం వెళ్లాలి. ఇదే సంస్థ పంపాలి. ఇల్లమ్మేశాను. పిల్లల్ని బళ్లో వేశాను. యాభై రెండేళ్లకు అక్కడ బస్తాలు మొయ్యమంటావా? అసలు తప్పు నాదా? ఒప్పందం కాగితం తీసుకుని నేనే స్వయంగా లోవులో మీ ఇంటికి వచ్చాను. నువ్వప్పుడు సువాలో కాలేజీ పరీక్షలు రాస్తున్నావు. ఏమైందో ఇంటికెళ్లి మీ అవ్వనడుగు, పో!"

లౌతోకా నుంచి లోవుకు బస్సు పావుగంట. ఆ పావుగంటా మాల కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చుంది గానీ ఒక్క గడ కూడా కంటికి ఆనలేదు. తల్లి పోయాక తనను పెంచింది అవ్వే. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ముక్కు మీద కోపం, పట్టిన పట్టు విడవదు. ఆమెకేం తెలుసు ఒప్పందాల సంగతి?

నాగమ్మ వాకిట్లో కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తోంది. ఎక్కడో చెరకు తగలబెట్టారు, నల్లని మసి వాకిలంతా రాలుతోంది.

"అవ్వా, నేను పనిలో చేరకముందు బిజేంద్ర మామ ఒక కాగితం తెచ్చాడా?"

"కాగజా? హా, తెచ్చేడు" అంది నాగమ్మ, తల ఎత్తకుండా. "నీ తరపున పెద్దదాన్నని నన్ను వేలు పెట్టమన్నాడు. పొయ్యిలో పెట్టినాను. ఆ పొద్దు రోటీ బాగా కాలింది."

"ఎందుకవ్వా?"

"కాహే అని అడుగుతావేటి? జహాజీకి, జహాజీకి మధ్య కాగజా? పరాయోళ్లమా? వాడికి సిగ్గేసి తల దించుకున్నాడు. మాట ఖాయమని యంగోనా వేరు రసం తాగేడు, పిల్లని పంపు అన్నాడు, పంపినాను. బస్."

మాల బూట్లు కూడా విప్పకుండా మెట్టు మీద కూలబడింది. తర్వాత జరిగినదంతా చెప్పింది. తన తెలుగు చాలనిచోట హిందీ కలిపింది. ఉత్తరం, నాలుగు గంటలు, మూడేళ్లు. మామ మాట, అవ్వ ప్రమాణం, రెండూ కావాలని. అవ్వ రేపు లౌతోకా వచ్చి వేలిముద్ర వెయ్యాలని.

నాగమ్మ చేతిలో కత్తి ఆగింది.

"నేను వేలు పెట్టను."

మాలకు తెలుసు. నాగమ్మ ఇన్నేళ్లలో ఏ కాగితం మీదా వేలు పెట్టలేదు. మొగుడు పోయినప్పుడు పొలం కాగితాల మీద పెట్టలేదు, కొడుకు పెట్టాడు. ఓటుకు వెళ్లలేదు. ముసలివాళ్లకిచ్చే డబ్బు వద్దంది. ఎందుకంటే ఆమె తల్లి మద్రాసులో కూలీలను ఓడెక్కించే డిపోలో ఒకసారి పెట్టింది. దగ్గరూళ్లోనే పని, పండక్కి ఇల్లు చేరొచ్చు అన్నాడు ఏజెంటు. కాగితంలో ఏముందో ఆమెకు చదివి చెప్పినవాడు లేడు. ఆ పండగ ఆమె బతికుండగా రాలేదు. చచ్చిపోయేముందు కూతురి కుడిచేయి పట్టుకుని బొటనవేలు తడిమి, ఇది ఎవరికీ ఇవ్వకు అంది. అప్పుడు నాగమ్మకు పన్నెండేళ్లు.

ఇదంతా తెలిసినా మాలకు ఆ పూట జాలి కలగలేదు. కోపం వచ్చింది.

"నీ పంతానికి నా మూడేళ్లు పొయ్యిలో పెట్టావవ్వా. రోటీలు కాల్చుకున్నావు. నేను దినం దినం అన్నం కూడా సరిగ్గా తినకుండా చదివింది నీకు కనబడలేదా?"

నాగమ్మ మసి రాలిన చీర కొంగు దులుపుకుంది. మెల్లిగా అంది, "బిజేందర్ ఇచ్చిన కాగజ్ ఉంది కదా. నువ్వు చదువుకున్నదానివి. దాని మీద నువ్వే సంతకం పెట్టెయ్యి. అందరూ బాగుంటాం."

"అది అబద్ధం కాగితం."

"అయితే ఏటి?"

"డిపోలో మీ అమ్మ చేత వేలు పెట్టించినవాడు కూడా అబద్ధమని తెలిసే పెట్టించాడు కదవ్వా. నన్ను కూడా అలాంటిదాన్ని అవమంటావా?"

మాల ఆ మాట అనేసి లోపలికి పోయింది. నాగమ్మ మిగిలిన దుంపలు చెక్కలేదు. అవి వాకిట్లోనే ఎండాయి.

శుక్రవారం తెల్లారింది. మాల ఒంటరిగానే ఆఫీసుకు పోయి మామ కాళ్లావేళ్లా పడదామని తలుపు తీసింది. మెట్ల మీద నాగమ్మ కూర్చుని ఉంది. గంజి పెట్టిన తెల్లచీర, చెప్పులు, చంకలో గొడుగు. కళ్లు వాచి ఉన్నాయి. ఏమీ అడగనివ్వకుండా ముందు నడిచింది. ఏడింటి బస్సు పట్టాలు దాటేచోట ఆగిపోయింది. చెరకు పెట్టెల రైలు మిల్లు వైపు వెళ్తోంది. పెట్టె తర్వాత పెట్టె, ఎన్నటికీ అయిపోయేలా లేదు. మాల గడియారం చూసుకుంటూ గోళ్లు కొరుక్కుంది. తొమ్మిదిన్నరకు సువా ఎక్స్‌ప్రెస్. అది తప్పితే నాలుగింటిలోగా చేర్చే బస్సు మరొకటి లేదు.

ఆఫీసులో బిజేంద్ర చివరి పెట్టెకు తాడు కడుతున్నాడు. నాగమ్మను చూసి తాడు వదిలేసి, వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"బిజేందర్, ఆ పొద్దు నీ కాగజ్ కాల్చింది నేను. తప్పు నాది. అలా రాయి. నేను వేలు పెడతాను."

"నువ్వా అవ్వా?" ఆయన ఆమె చేతివంక చూశాడు. ఆ వేలి కథ తెలియని జహాజీ ఎవరున్నారు!

"నేనే. ఈ పిల్ల నిన్న ఒక మాట అంది. నాకు నిద్ర లేదు. నువ్వు కూడా నిద్రపోయినట్టు లేవు."

బిజేంద్ర చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద మార్కెట్టు సందడి వినిపిస్తోంది. గోడ గడియారంలో ఎనిమిదీ ఇరవై. మాల ఆయన వీపునే చూస్తోంది. అడగకూడదని పళ్లు బిగించింది.

"బయట కూర్చోండి" అన్నాడాయన చివరికి. తలుపు మూసుకున్నాడు.

టైపు మిషను మొదలైంది. కాసేపు ఆగింది. నాగమ్మ, మాల ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిషను మళ్లీ మొదలై ఇంకొంచెంసేపు కొట్టుకుంది. ఆయన తనదీ, అవ్వదీ రెండు ప్రమాణపత్రాలతో బయటికి వచ్చి, ఇద్దర్నీ వెంటబెట్టుకుని నడిచాడు.

పక్క వీధిలో రామ్ లాల్ అనే రిటైరైన హెడ్మాస్టరు ప్రమాణాలు చేయించే అధికారి. బిజేంద్ర తన కాగితం మీద ఆయన ఎదుట సంతకం చేసి, దాన్ని మడిచి తన దగ్గరే పెట్టుకున్నాడు. తర్వాత నాగమ్మ వంతు. రామ్ లాల్ గొంతు సవరించుకుని ఆమె ప్రమాణపత్రం ఇంగ్లీషులో చదవబోయాడు.

"నువ్వు కాదు. పిల్ల చదవాలి. తెలుగులో" అంది నాగమ్మ.

మాలకు చెమట్లు పట్టాయి. ఇంటి తెలుగు తప్ప దానికేం వచ్చు? 'ప్రమాణం' అనే మాటే నోటికి రాక 'దేవుడి మీద ఒట్టు' అంది. తడుముకుంటూ, తప్పులు దిద్దుకుంటూ, ఒక్కో వాక్యం చెప్పింది. నాగమ్మ రెండోసారి చెప్పించుకుంది. గడియారం తొమ్మిది దాటింది.

"ఇందులో ఓడ లేదు కదా?"

"లేదవ్వా."

"ఎన్నేళ్లని రాసేరు?"

"ఏళ్లు లేవవ్వా. ఆ రోజు ఏం జరిగిందో అంతే ఉంది."

"వేలు పెట్టినాక నన్ను ఏడకి పంపుతారు?"

రామ్ లాల్ నవ్వబోయాడు. ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు.

"ఇంటికే అవ్వా" అంది మాల. "మన లోవుకే."

నాగమ్మ బొటనవేలు సిరాలో అద్దింది. కాగితం దాకా తెచ్చి ఆగింది. సాయం చేద్దామని మాల ఆ మణికట్టు పట్టుకుంది.

"వదులు! మా అమ్మ చెయ్యి వాడే పట్టుకుని పెట్టించేడు. నేను పెట్టుకుంటాను."

మాల వదిలేసింది. నాగమ్మ మరో రెండు నిమిషాలు తీసుకుంది, కానీ పెట్టింది. ఆ నల్లని గుర్తు వంక వంగి చూసి, ఇంతేనా అన్నట్టు తల ఊపింది. బిజేంద్ర రెండు కాగితాలూ కవరులో పెట్టి అంటించి, పైన లక్క వేసి, మాల చేతికిచ్చాడు. "దార్లో విప్పకు" అన్నాడు. అవ్వను తానే ఇంట్లో దించుతానన్నాడు. మాల బస్టాండుకు పరుగెత్తింది.

సింగటోకా దాటాక వాన పట్టుకుంది. నవువా దగ్గర రోడ్డు మీద నీళ్లు, బస్సు ఎద్దుబండిలా నడిచింది. మాల కవరును జాకెట్టు లోపల దాచుకుని, డ్రైవరు మెడ వెనకభాగం చూస్తూ మనసులోనే వాణ్ణి తిట్టింది, బతిమాలింది, మళ్లీ తిట్టింది. సువాలో దిగేటప్పటికి మూడూ ముప్ఫై అయిదు. తడిసి ముద్దై, రొప్పుతూ, సంస్థ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాక గడియారం చూసింది. మూడూ నలభై నాలుగు.

గుమాస్తా నడివయసు ఆవిడ. లక్క విరిచి కాగితాలు బయటికి తీసింది. నాగమ్మ వేలిముద్రను ఒకసారి చూసి పక్కన పెట్టింది. బిజేంద్ర కాగితం చదువుతూ చదువుతూ ఆగింది. తల ఎత్తి మాల వంక చూసింది. మళ్లీ చదివింది.

"ఇందులో ఏం రాశారో మీకు తెలుసా?"

"తప్పు తనదని ఒప్పుకుని ఉంటారు."

"చివరి పేరా చదివారా?"

ఆవిడ కాగితం తిప్పి ముందు పెట్టింది. మాల చదివింది. ఒప్పందం నమోదు చేయించకపోవడం పూర్తిగా తన తప్పేనని ఆయన ఒప్పుకున్నాడు. ముసలావిడ తప్పని ఎక్కడా లేదు. దాని కింద ఇలా ఉంది:

"నిన్న నేను పాత తేదీతో ఒక అబద్ధపు ఒప్పందం తయారు చేసి, నా సంతకం పెట్టి, ఈమె చేత కూడా పెట్టించబోయాను. మూడేళ్లు పోతాయని తెలిసీ ఈమె పెట్టలేదు. ఈమె ఈ వృత్తికి తగునని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నా దగ్గర లేదు."

మాలకు కాసేపు అక్షరాలు అలుక్కుపోయాయి. ఇది ఎవరూ అడగలేదు. ముప్ఫై రెండో పేజీలో ఇలాంటిది ఎక్కడా లేదు. నమోదు మరిచిపోవడం వేరు, దొంగ ఒప్పందం రాయడం వేరు. మొదటిది మందలింపుతో పోతుంది, రెండోది ఏ దేశంలోనూ ఎవరూ క్షమించరు. సత్ప్రవర్తన పత్రం పంపాల్సింది ఈ గోడ అవతలి గదిలోంచే.

"ఈ ఒక్క పేరా తీసేసి ఇవ్వొచ్చా అమ్మా?"

"ప్రమాణం చేసిన కాగితంలో ముక్కలు తియ్యకూడదు. ఇస్తే మొత్తం ఇవ్వాలి, లేదంటే మొత్తం తీసుకుపోవాలి." ఆవిడ గొంతులో కటువు లేదు. "ఇంకా పది నిమిషాలుంది. ఆలోచించుకోండి."

మాల కాగితం మీద చెయ్యి వేసింది. తీసుకుపోతే తన మూడేళ్లు పోతాయి, ఆయన బతుకు నిలబడుతుంది. ఇస్తే తనది నిలబడుతుంది. ఆ లెక్క ఎటునుంచి వేసినా తేలలేదు. దార్లో విప్పకు అని ఎందుకన్నాడో ఇప్పుడు అర్థమైంది. విప్పి చదివితే తను మధ్యలోనే దిగిపోయి వెనక్కి బస్సెక్కేదని ఆయనకు తెలుసు. ఆయన మూసిన తలుపు వెనక మిషను ఆపి, ఆలోచించి, మళ్లీ కొట్టిన మాటలివి. నిజం రాయమని అడిగింది తనే. రాశాక సగం చాలు అనే హక్కు తనకెక్కడిది?

కాగితం మీంచి చెయ్యి తీసింది.

"దాఖలు చెయ్యండి" అంది.

ముద్ర పడింది. గుమాస్తా లోపలికి వెళ్లి అధికారి సంతకం చేయించుకుని వచ్చి, హాలు నంబరు రాసిచ్చింది. పరీక్ష డిసెంబరు ఐదు, పొద్దున తొమ్మిది. ఆ చీటీ తడవకుండా పుస్తకంలో పెట్టుకుని, మాల వరండాలోకి వచ్చి గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తున్నా పట్టించుకోలేదు.

తర్వాత పోస్టాఫీసుకు వెళ్లి లౌతోకాకు ఫోను చేసింది. ఆయన ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు.

"అందిందా?" అన్నాడు.

"అందింది మామా."

"టైముకేనా?"

"అయిదు నిమిషాలు ముందు." అంది మాల. "మామా, ఆ చివరి మాట ఎందుకు..."

"అవ్వను ఇంట్లో దించాను. కర్రపెండలం ఉడికించి పెట్టింది, తిన్నాను" అన్నాడు బిజేంద్ర. "ఆడిట్ పేపర్లో నువ్వెప్పుడూ చిన్న ప్రశ్నల దగ్గరే టైమంతా పోగొట్టుకుంటావు. ముందు పెద్దవి రాయి" అని ఫోను పెట్టేశాడు.